ఇంకా ఏడు బండ్లల్ల ఉన్నది

మా కంపెనీ వాట్సాప్ గ్రూపులో మొన్న ఆయన చావు కబురు పెట్టారు. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. మృదుస్వభావి అట. ఎవరితోనూ మాట తూలేవారు కాదట. పైవాళ్లు ఏ పని చెప్పినా కాదనేవారు కాదట. చివర్లో చేతులు జోడించిన బొమ్మలు మూడు.

నేను ముప్ఫై ఏళ్లుగా కోతలు కోస్తున్న మనిషిని. తుఫానులో మా మేనమామ గారి గేదె కొబ్బరిచెట్టెక్కిందనీ, మూడు రోజులు అక్కణ్ణుంచే పాలిచ్చిందనీ పెళ్లిపందిట్లో నమ్మించినవాణ్ణి. అబద్ధానికీ ఒక పనితనం ఉంటుంది. గేదె చెట్టెక్కిందంటే సరిపోదు. ఏ వైపు నుంచి ఎక్కింది, కింద దూడను ఎవరు పట్టుకున్నారు, పాలచెంబు తాడుకు ఏ ముడి వేశారు, ఇవన్నీ చెప్పాలి. ఈ నాలుగు వాక్యాలు రాసినవాడు ఆ పాటి కష్టం కూడా పడలేదు. ఏ మనిషి చచ్చినా పెట్టడానికి దాచుకున్న వాక్యాలవి. అందులో మనిషి పేరొక్కటే మార్చారు. నాకు ఒళ్లు మండింది. ఇంకా మండుతోంది.

ఆయన పేరు నేను రాయను. ఆ పేరును బతికుండగానే ఒక కాగితం మీద టైపు చేసి, చేయని తప్పు దాని పక్కన పెట్టారు. ఇంకో కాగితం మీదికి దాన్ని నేనెందుకు ఎక్కించాలి. షెడ్డులో అందరం కాకా అనేవాళ్లం. జగిత్యాల దగ్గరి పల్లె. డీజిల్ మెకానిక్కు. దుబాయ్ శివారు అల్ వర్సాన్‌లో గోదాముల వరసలో మా షెడ్డు. వాడిన లారీలు కొని, బాగుచేసి, చలిదేశాలకు అమ్మే వ్యాపారం. నేను అక్కడ స్టోర్ కీపర్ని. కాకాకు బోల్టు కావాలన్నా, ఫిల్టర్ కావాలన్నా నా కిటికీ దగ్గరికి రావాలి. ఆ కిటికీలోంచి ఆయన్ని ఆరేళ్లు చూశాను.

మృదుస్వభావి ఎలా ఉండేవాడో చెబుతాను. పొద్దున ఏడింటికి బండ్లు వరసగా వచ్చి ఆగేవి. కాకా ఒక్కోదాని కిందికి వంగి, ఫిల్టర్ అడుగున ఉండే గిన్నెను చూసేవాడు. డీజిల్‌లో కలిసిన నీళ్లు అందులోకి దిగుతాయి. కింద చిన్న కుళాయి. రోజూ పొద్దున్నే దాన్ని తిప్పి ఆ నీళ్లు వదిలేయాలి. ఏ డ్రైవరూ వదలడు. కాకా వాణ్ణి కిందికి దింపి, పదిమందిలో నిలబెట్టి అడిగేవాడు.

"పొద్దుగాల నువ్వు పోయినవారా?"

"యాడికి కాకా?"

"చెంబు వట్కొని."

"పోయిన."

"మరి దాన్నెందుకు పోనియ్యవ్? అది గూడ రాత్రంత కడుపుల పెట్టుకోని ఉన్నది గదా."

హిందీ డ్రైవరైతే ఇదే ప్రశ్న హిందీలో. ఆ హిందీలో ఇది ఇంకా పచ్చిగా ఉండేది.

తర్వాత ఆ గిన్నెలోది ఖాళీ నీళ్ల సీసాలో పట్టి, ఒక కన్ను మూసి, ఎండకు ఎత్తి చూసేవాడు. సంతలో గుడ్డు కొనే ముసలమ్మ చూసినట్టు. అడుగున నీళ్లు, పైన డీజిల్, మధ్యలో నల్లటి నాచు. సీసాను డ్రైవరు ముక్కు దాకా తీసుకెళ్లి, "వాసన సూడు" అనేవాడు. చూడనన్నవాడికి ఆ రోజు బండి దక్కేది కాదు.

వాడేసిన ఫిల్టర్‌ను పారేయనిచ్చేవాడు కాదు. రేకు కోసి, లోపలి కాగితాన్ని చీర కుచ్చిళ్లు విప్పినట్టు మడత మడతా విప్పి, అట్టముక్క మీద పరిచేవాడు. అప్పుడు కోర్టు మొదలయ్యేది.

"గీ ఎర్రది సూడు. ఇసుక గాదు, తుప్పు. ఎవని డ్రమ్ములకెళ్లి పోసినవ్?"

"అమ్మతోడు కాకా, బంకులనే కొట్టించిన."

"మీ అమ్మను మధ్యలకు తేకు. ఆమె ఊర్ల మంచిగున్నది."

అయిదింటిలో నాలుగుసార్లు కాకా చెప్పిందే నిజమయ్యేది. అయిదోసారి డ్రైవరు భయపడి ఒప్పుకునేవాడు.

ఒకసారి ఓ మెకానిక్కు, కొత్తది అడగడానికి బద్ధకించి, పాత ఫిల్టర్‌నే కంప్రెసర్ గాలి కొట్టి మళ్లీ బిగించాడు. కాకా దాన్ని ఊడదీసి, సుత్తితో అప్పడంలా చదును చేసి, వాడి టిఫిన్ డబ్బాలో అన్నం మీద పెట్టి మూత వేశాడు. వాడు భోజనానికి మూత తీసి కేకలు పెడుతుంటే కాకా చేతులు కడుక్కుంటూ అడిగాడు. "గాలి కొడ్తే దుమ్ము పోతది, కాయితం గూడ చినుగుతది. చినిగిన జాలితోని చాయ్ వడగట్టుకుంటవారా? నీకు పనికిరాంది ఇంజిన్‌కెట్ల పనికొస్తది?"

ఆయన నోరు మూసుకునేది ఒక్కసారే, కొత్త ఫిల్టర్ ఎక్కించేటప్పుడు. డీజిల్‌లో వేలు ముంచి రబ్బరు చుట్టు మీద రాసేవాడు. ఎడమ అరచేత్తో నడిమి రంధ్రాన్ని మూసి, చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోంచే డీజిల్ పోసేవాడు. నడిమి రంధ్రంలో పోస్తే అది వడగట్టకుండా నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. పోసినంతసేపూ ఆ అరచెయ్యి కదిలేది కాదు. తర్వాత చేత్తోనే బిగింపు. గొలుసు రెంచి తెచ్చినవాడి వైపు చూసే చూపుకు వాడు దాన్ని వీపు వెనక దాచుకునేవాడు. ఆ పైన, లోపలి గాలంతా పోయేదాకా బొటనవేలితో చిన్న పంపు నొక్కడం. ఆ సమయంలో ఎవరు మాట్లాడినా, చివరికి ముదీర్ పిలిచినా, జవాబు ఉండేది కాదు. మా మేనేజర్ని షెడ్డులో అందరూ ముదీరనే అంటారు. ఆయనకు తెలుగు రాదు. అందరితో హిందీలోనే మాట్లాడతాడు.

మేం బండ్లు అమ్మే చలిదేశాల్లో చలికాలం డీజిల్ ఎలా ఉంటుందో డ్రైవర్లకు నేను చెబుతూ ఉండేవాణ్ణి. రంపంతో కోసి, కాగితంలో చుట్టి, కిలోల లెక్కన అమ్ముతారని, ఇళ్లలో ఆడవాళ్లు పొయ్యిలో రెండు ముక్కలు వేసి వంట చేసుకుంటారని. ఒకరోజు కాకా వెనక నిలబడి అంతా విన్నాడు.

"సారు, నీ కతల సగం నిజమున్నది. గా సగం నేను చెప్పిందే. మిగిలింది తీసెయ్, బండి నడుస్తది."

మర్నాడు, నా కథకు పోటీగా అనుకుంటా, మెస్సు ఫ్రీజర్‌లో డీజిల్ సీసా పెట్టాడు. రెండు కవర్లలో చుట్టి మరీ పెట్టాడు. అయినా మెస్సులో వండే కేరళ ఆయన గరిటె పట్టుకుని షెడ్డు దాకా వచ్చాడు, చేపల పక్కన డీజిల్ ఏంటని. కాకా ఆయన్నీ కూచోబెట్టి అందరి ముందూ సీసా బయటికి తీశాడు. చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాలా ఉంది. తెల్లగా, మందంగా, పొరలు పొరలుగా. కొత్త ఫిల్టర్ కాగితం మీద దాన్ని బోర్లించాడు. కాగితం పైన గడ్డలా కూచుంది. చుక్క దిగలేదు.

"గిది కొండ మీద అయితది. ఊరు లేని కాడ, మంచుల. ఇంజిన్ బందయితది, ఇంజిన్ తోని లోపలి వెచ్చదనం బందయితది. డ్రైవర్ ఏమైతడు?"

వంటాయన గరిటె కిందికి దించాడు.

"వాడు గూడ గిట్లనే అయితడు" అని కాకా సీసా చూపించాడు.

నేను ఆ రంపం కథ మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

కరోనా తగ్గాక రెండో వేసవి. పద్నాలుగు లారీలు ఒకే బేరం. ఎత్తైన కొండల దేశానికి పోవాలి. అన్నిటికీ ఫిల్టర్ దగ్గర డీజిల్ వెచ్చబెట్టే హీటర్లు బిగించాలని కొన్నవాళ్ల షరతు. ఆగస్టు నెల. షెడ్డు రేకుల మీద వాలిన పావురం వేగిపోయి కింద పడిందని నేను అంటే ఎవరూ కాదనని ఎండ. ఆ ఎండలో చెమటతో జారిపోయే చేతులతో చలికి హీటర్లు బిగించాడు కాకా.

ఆ హీటర్ ఒక గుండ్రటి బిళ్ల. ఫిల్టర్‌కూ పైనున్న మూతకూ మధ్య కూచుంటుంది. చల్లదనం బాగా తగిలితే తనంతట తాను వెలుగుతుంది, డీజిల్ వెచ్చబడితే తనంతట తాను ఆరుతుంది. దుబాయ్ ఆగస్టులో అది వెలగదు. వెలగకూడదు. వెలిగిందంటే చెడిపోయినట్టు లెక్క.

అయితే కొన్నవాళ్ల తరఫున ఒకాయన వచ్చాడు, ప్రతి హీటరూ పనిచేస్తున్నట్టు కళ్లతో చూడాలని. ఏళ్లుగా ఇక్కడే ఉన్నవాడు, ఉర్దూ బాగా వచ్చు. పొద్దున ఆయన రాకముందే ముదీర్ స్విచ్ వేయించి చూశాడు. మీటర్లో ముల్లు కదల్లేదు. "అన్నీ ఖరాబా?" అని అరిచాడు. కాకా నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సారు, చాపల దుకాణంల ఐసు తెప్పియ్యి. నాల్గు గోనెలు."

"దేనికి?"

"హీటర్‌కు జలుబు తెప్పిస్త."

ఐసును తడిగుడ్డలో మూటగట్టి ఫిల్టర్ మూత చుట్టూ కట్టాడు. వేడికి అది కళ్లముందే కారిపోతోంది. కరిగినకొద్దీ మళ్లీ నింపాడు. అరగంటకు మీటర్లో ముల్లు లేచింది. ఐసు తీసేసిన కాసేపటికి బిళ్ల వెచ్చబడి, ముల్లు మళ్లీ పడిపోయింది. వచ్చినాయన తన చేత్తో తాకి చూసి, కాకా భుజం తట్టాడు. "ఉస్తాద్" అన్నాడు. అలా మధ్యాహ్నం దాకా ఆరు బండ్లు.

వేసవిలో మిట్టమధ్యాహ్నం బయటి పని ఆపాలని చట్టం. అందరూ బసచేసే క్యాంపుకు పోయారు. వచ్చినాయన నమాజుకూ భోజనానికీ వెళ్లాడు. ముదీర్ ఇద్దరు ఎలక్ట్రీషియన్లను ఆపాడు. వాళ్లలో ఒకడు నా కిటికీ దగ్గరికి వచ్చి సన్న తీగ చుట్ట అడిగాడు. ఇచ్చాను. దేనికని అడగలేదు. భోజనం చల్లారిపోతోందన్న తొందర నాది.

మూడింటికి కాకా మిగిలిన ఐసు పట్టుకొచ్చేసరికి ముదీర్ నవ్వుతూ, ఇక ఐసు అక్కర్లేదన్నాడు. స్విచ్ వేస్తే చాలు, ముల్లు ఠక్కున లేస్తోంది. మిగిలిన ఎనిమిది బండ్లూ పావుగంటలో అయిపోయాయి. వచ్చినాయన సంతోషించి ఆఫీసులోకి వెళ్లాడు. కాకా ఒక బిళ్ల మీద చెయ్యి పెట్టి, తీయకుండా అలాగే ఉంచాడు. అది ఆరడం లేదు. వంగి చూశాడు. చలిని కనిపెట్టే భాగాన్ని దాటేసి, కరెంటు నేరుగా బిళ్లకు పోయేటట్టు తీగ కట్టి ఉంది. నేనిచ్చిన తీగ.

ఆయనా ముదీరూ నా కిటికీ పక్కనే గొడవపడ్డారు. మాటలు హిందీలో నడిచాయి, తెలుగులో రాస్తున్నాను.

"ఇవి తీసెయ్యాలె."

"తీసేద్దాం, సాయంత్రం. ఆయన పోనీ."

"సాయంత్రం బండ్లే ఉండయి. ఓడరేవుకు పోతయి."

"అక్కడ తీయిస్తాను."

"ఎవలతోని? గా తీగ సన్నది సార్, అంత కరెంటు మొయ్యది. ఇంత ఎండల అది కాగుతనే ఉంటది. డీజిల్ పక్కపొంటి."

"ఖలాస్, ఇక చాలు. మఫ్రఖ్‌లో జనరేటర్ ఆగిపోయింది. పికప్ సిద్ధంగా ఉంది, నువ్వు వెళ్లాలి. యల్లా, బయల్దేరు."

పికప్ ఎక్కుతూ కాకా నా వైపు చూశాడు. "సారు, తీగలు తీపియ్యి."

"సరే కాకా" అన్నాను.

ముదీర్‌కు ఒకసారి గుర్తుచేశాను. ఆ, ఆ, అన్నాడు. అయిదింటికి పద్నాలుగు బండ్లూ గేటు దాటాయి. నేను కిటికీ మూసి తాళం వేసుకున్నాను.

నాలుగో రోజున ఫోన్ వచ్చింది. ఓడ ఆలస్యమై బండ్లు రేవులోనే ఉన్నాయి. ఒక డ్రైవరు చల్లగాలి కోసం ఇంజిన్ ఆన్ చేసుకుని కూచున్నాడు. తీగ కాలి, క్యాబిన్ కింద మంట లేచింది. దుప్పటితో, చేతులతో కొట్టి ఆర్పాడు. బండి దక్కింది. అతని అరచేతులు రెండూ కాలిపోయాయి.

మర్నాడు పొద్దున ముదీర్ గదిలోకి నన్ను పిలిచారు. కొన్నవాళ్ల మనిషి కూచుని ఉన్నాడు, మొహం గంటుపెట్టుకుని. కాకా నిలబడి ఉన్నాడు. బల్ల మీద ఇంగ్లీషు కాగితం.

"నువ్వు కథల్లో ఉస్తాదువి కదా" అన్నాడు ముదీర్ హిందీలో, "మీ భాషలో నెమ్మదిగా చెప్పి సంతకం పెట్టించు."

చదివాను. ఈ మెకానిక్కు పని తొందరగా ముగించుకోవడానికి పైవాళ్లకు చెప్పకుండా ఒక బండికి తీగ కలిపాడు, తప్పు తనదే, మిగిలిన పదమూడు బండ్లూ సక్రమంగా పరీక్షించినవి. సంతకం పెడితే కల్బాలోని చిన్న షెడ్డుకు బదిలీ. లేకపోతే వీసా రద్దు. ఆ రెండోది కాగితంలో లేదు, ముదీర్ నోటితో చెప్పాడు. యాభై తొమ్మిదేళ్ల మెకానిక్కుకు ఒకసారి రద్దయిన వీసా మళ్లీ దొరకదు. గదిలో అందరికీ తెలుసు.

ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. ఆ గదిలో అప్పటికి నేను ఏ తప్పూ చేయలేదు.

"ఒక్క బండేనా రాసిండ్రు?"

"ఒక్కటే కాకా."

"మిగిలినయి?"

"అన్నీ బాగున్నాయని రాశారు."

కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "కల్బా ఎట్లుంటది?"

"సముద్రం పక్కన. బాగుంటుంది. పెట్టేయండి కాకా, ఇంటికి పోవడం కన్నా నయం."

పెన్ను అడిగాడు. వంగి తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. మూడో తరగతి అక్షరాలు, ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి. రాస్తూనే ఉన్నాడు. ఒక వరస నిండి రెండో వరసలోకి వచ్చాడు. కొన్నవాళ్ల మనిషి ముందుకు వంగి చూసి నన్ను అడిగాడు.

"యే నామ్ హై? ఇత్‌నా లంబా?"

ముదీర్ కూడా నా వైపే చూశాడు. నేను కాగితం వైపు చూశాను.

తీగ నేను పెట్టలె. ఇంకా ఏడు బండ్లల్ల ఉన్నది. తీయుండ్రి.

ఇది చదివి చెబితే ముదీర్ కాగితం చింపేస్తాడు. కల్బా పోతుంది. చెప్పకపోతే కాకా మాట ఫైల్లో ఉంటుంది, ఉద్యోగమూ ఉంటుంది. రెప్పపాటులో ఇంత లెక్క వేశాను. నాకు అది అలవాటైన పనే.

"మా వైపు ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా అన్నీ కలిపి సంతకం పెడతారు సార్" అన్నాను. "పైగా ఈయనది కాస్త పెద్ద వంశం."

ముదీర్ నవ్వాడు. కొన్నవాళ్ల మనిషి కూడా కాస్త సడలి వెనక్కి ఆనుకున్నాడు. ముదీర్ దాని మీద కంపెనీ ముద్ర వేశాడు. మేమిద్దరం బయటికి వచ్చాం.

అంత అందమైన అబద్ధం నేను జన్మలో ఆడలేదు. నడవాలోకి రాగానే కాకా చెవిలో చెప్పాను. "చూశారా కాకా, వాడి చేత్తోనే వాడికి వ్యతిరేకంగా ముద్ర వేయించాను. మీ మాట ఫైల్లో భద్రంగా ఉంది. కల్బా కూడా దక్కింది."

కాకా ఆగిపోయాడు.

"నువ్వు సదువుతవని రాసిన సారు."

"చదివితే మీ వీసా..."

"వీసా నాది. దాని గురించి నిన్ను అడిగిన్నా?" గొంతు పెద్దది చేయలేదు. షెడ్డంతా దద్దరిల్లేలా అరిచే మనిషి, మెల్లగా మాట్లాడాడు. "ఆ రోజు తీగ కనవడ్డప్పుడే ఆ మనిషికి చెప్పాల్సింది. చెప్పకుంట మఫ్రఖ్ పోయిన. అది నా తప్పు. ఇయ్యాల నోటితోని చెప్తే ముదీర్ అడ్డం వచ్చి ఇంకోటి చెప్తడని రాసిన. రాసింది సదివితే ఎవడు అడ్డం రాడు గదా. ఆయన అడిగిండు సారు. నిన్నే అడిగిండు."

"కాకా..."

"ఏడు బండ్లు. ఏడుగురు డ్రైవర్లు. ఆడ ఒకడు చేతులు కాలవెట్టుకున్నడు. నువ్వు నా వంశం గురించి చెప్పినవ్."

వెనక్కి తిరిగి, తలుపు తోసుకుని లోపలికి పోయాడు. అద్దం తలుపు. నేను బయటే నిలబడ్డాను. కాకా బల్ల దగ్గరికి వెళ్లి, ఆ కాగితం మీద వేలు పెట్టి, కొన్నవాళ్ల మనిషితో అన్నాడు.

"సాబ్, వో నామ్ నై హై."

ముదీర్ లేచాడు. ఏదో చెప్పబోయాడు. కాకా ఆయన వైపు తిరగనే లేదు, ఆ రెండో మనిషినే చూస్తూ చెప్పాడు. "సాత్ గాడీ మే ఔర్ హై."

ఆ మనిషి తలుపు తీసి నన్ను అడిగాడు, నిజమేనా, అందులో అదేనా రాసి ఉందని. తల ఊపాను. ఒక్క నిజం ఒప్పుకోవడానికి నాకు రెండుసార్లు అడిగించుకోవాల్సి వచ్చింది.

కాకా ఆయన కారులోనే రేవుకు వెళ్లాడు, జేబులో కటింగ్ ప్లయర్‌తో. ఓడ ఎక్కడానికి వరసలో నిలబెట్టిన బండ్ల కింద దూరి ఏడు తీగలూ కత్తిరించాడు. ఒక తీగ మీది తొడుగు అప్పటికే కరిగి, డీజిల్ గొట్టానికి అంటుకుని ఉందట. ఇది ఆ మనిషి ముదీర్‌తో ఫోన్‌లో అరుస్తుంటే నేను విన్నది. కాకా నాతో చెప్పలేదు.

ముదీర్‌కు ఏమీ కాలేదు. ఇప్పుడు పెద్ద బ్రాంచి చూస్తున్నాడు. తీగ కట్టిన ఇద్దరికీ ఏమీ కాలేదు. తీగ ఇచ్చినవాడికీ ఏమీ కాలేదు, ఇప్పటికీ అదే కిటికీలో కూచుంటున్నాడు. కంపెనీకి వచ్చిన నష్టమల్లా ఒక క్యాబిన్‌కు కొత్త రంగు.

మూడు రోజుల తర్వాత కాకా వీసా రద్దు కాగితం వచ్చింది. చదివి చెప్పడానికి మళ్లీ నన్నే పిలిచారు. షెడ్డులో బల్ల దగ్గర కాకా చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేను కళ్లజోడు పెట్టుకుని కాగితం అందుకోబోయాను.

"నువ్వొద్దు సారు" అన్నాడు.

కోపంగా అనలేదు. డబ్బాలోంచి పనికిరాని వాషర్ తీసి పక్కన పెట్టినట్టు అన్నాడు. మెస్సుకు మనిషిని పంపి కేరళ వంటాయన్ని పిలిపించాడు. ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకుని, కాగితాన్ని కళ్లకు దూరంగా పట్టుకుని, ఒక్కో ఇంగ్లీషు మాటా కూడబలుక్కుని, దాన్ని తనకొచ్చిన హిందీలో పెట్టి చెప్పాడు. కొన్ని మాటల దగ్గర ఆయనకు అర్థం తెలియక ఆగిపోయాడు.

ఆ మాటలన్నీ నాకు తెలుసు. రెండడుగుల దూరంలోనే నిలబడ్డాను. కాకా నా వైపు చూడలేదు. వంటాయన తడుముకున్నంతసేపూ ఓపిగ్గా ఆగాడు, ఆయన నోటివెంట వచ్చే తర్వాతి మాట కోసం.